గేటు దాటిన విద్యార్థి

విజ్ఞానయాత్రకు ముందు నోటీసు బోర్డుపై అంటించే కాగితంలో మొదటి వాక్యం ఏటేటా ఒక్కటే: "విద్యార్థినీ విద్యార్థులందరు యూనిఫారంలో రావలెను." రెండవ వాక్యం టిఫిను గురించి, మూడవది బస్సు బయలుదేరే వేళ గురించి. మొదటి వాక్యం చదివి మూతి ముడిచే విద్యార్థులను నేను పదునాలుగేండ్లుగా చూస్తున్నాను. సంవత్సరానికి ఒక్కసారి ఊరు దాటి పోతాము, ఆ ఒక్కనాడైనా ఇష్టమైన బట్టలు కట్టుకోనీయరా అని వారి బాధ. బాధ న్యాయమైనదే. ఐనా ఆ వాక్యం వ్రాసేది నేనే గనుక దాని వెనుకనున్న కారణాన్ని ముందుగా మనవి చేసుకొంటాను.

కారణం వేరేమీ కాదు, తలల లెక్క. గోలకొండ కోటకు సెలవునాడు పోయి చూడండి. ఐదారు కళాశాలల పిల్లలు, ఊళ్ల నుండి వచ్చిన కుటుంబాలు, విదేశీ యాత్రికులు, అందరూ ఆ మెట్ల మీదనే. ఫతే దర్వాజా గుమ్మటం క్రింద నిలిచి చప్పట్లు చరిస్తే సుమారు కిలోమీటరు దూరాన, కొండ కొసనున్న బాలా హిసార్‌లో వినబడుతుంది. కుతుబ్ షాహీల నాటి ఆ నిర్మాణ చాతుర్యాన్ని స్వయంగా పరీక్షించనిదే మా పిల్లలకు తృప్తి ఉండదు. కనుక సగంమంది క్రింద చప్పట్లు కొట్టడానికి, సగంమంది పైన వినడానికి చీలిపోతారు. తరువాత క్రిందివారు పైకి, పైవారు క్రిందికి. ఈ రెండు సగాలను మరల ఒక్కటి చేసి, చీకటి పడకముందు బస్సెక్కించిన అధ్యాపకునికే ఒకే రంగు చొక్కా, ఒకే రంగు దుపట్టా ఎంతటి ఉపకారమో తెలుస్తుంది. ఆ ఏడు మేము నలభైయొక్కరము. మెట్ల మలుపులో నీలిరంగు కనబడితే చాలు, ప్రాణం కుదుటపడేది.

ఇంకొక కారణం కూడా ఉన్నది, దానిని నోటీసులో వ్రాయము. పండుగకు కుట్టించుకొన్న ఒక్క జత తప్ప మంచి బట్టలు లేని పిల్లలు మన కళాశాలలో తక్కువేమీ కాదు. యూనిఫారం లేని యాత్ర వారికి యాత్ర కాదు, పరీక్ష.

ఇంతవరకు నాకు కమిటీ వారితో భేదాభిప్రాయం లేదు. భేదం ఎక్కడ వచ్చినదంటే, ఈ సంవత్సరం యాత్రల నియమావళికి ఒక కొత్త వాక్యం చేర్చాలనే ప్రతిపాదన దగ్గర: "యాత్రా సమయమున యూనిఫారము, గుర్తింపు కార్డు తప్ప మరే చిహ్నమునుగాని, వ్రాతనుగాని ధరింపరాదు." వినడానికి ఇది మొదటి వాక్యానికి తోబుట్టువువలె ఉన్నది. కాని తలల లెక్కకు, అట్టముక్క మీది వ్రాతకు సంబంధమేమిటి? చొక్కాకు బ్యాడ్జి పెట్టుకొన్న పిల్లవాడు గుంపులో తప్పిపోతాడా? కమిటీలోని పెద్దలు నాకు పూజ్యులు, వారిలో ఇద్దరి వద్ద నేను చదువుకొన్నాను కూడ. వారి ఎదుట కూర్చుండి చెప్పగలిగినదాని కంటె కొంచెం విపులంగా ఈ పత్రిక పుటలలో చెప్పుకొనే అవకాశాన్ని సంపాదకవర్గం ఇచ్చినది.

ఈ ప్రతిపాదనకు మూలమైన సంగతి చాలామందికి తెలుసు, కాని తలా ఒక విధంగా తెలుసు. కనుక ఉన్నదున్నట్లు చెబుతాను. రెండేండ్ల క్రిందట రాజధానిలోని ఒక ప్రభుత్వ ప్రదర్శనశాలకు వెళ్లాము. ఆ ఏడు ఉపకార వేతనాలు అందలేదు. ఉపకార వేతనమంటే మన పిల్లలకు పుస్తకాలు కొనుక్కొనే డబ్బు అనుకొనేవారు ఇంకా ఉన్నారు. బస్సు పాసు, పరీక్ష రుసుము, హాస్టలు భోజనం, చివరకు చేతికి రావలసిన సర్టిఫికెట్లు, అన్నిటికీ అదే ఆధారం. విద్యార్థులు తమలో తాము మాట్లాడుకొని, నినాదాలు వద్దు, బైఠాయింపు వద్దు, యాత్ర చెడగొట్టవద్దు అని తీర్మానించుకొని, రెండంగుళాల అట్టముక్కపై ఒకే ఒక్క ప్రశ్న వ్రాసుకొన్నారు. తెలుగు మాధ్యమం వారి అట్టపై "మా ఉపకార వేతనం ఎప్పుడు?" అని ఉన్నది. ఉర్దూ మాధ్యమం వారి అట్టపై అదే ప్రశ్న, "హమారా వజీఫా కబ్?" అని, ఉర్దూ లిపిలో. ముందురోజే ప్రిన్సిపాల్ గారికి చూపించారు. ఆయన రెండూ చదివి, అక్షరదోషాలు లేవు గదా అని మాత్రం అడిగి ఊరుకొన్నారు.

ద్వారం దగ్గర కాపలాదారు మొదట తెలుగు బ్యాడ్జి చదివాడు. నవ్వి, "మా జీతాలు కూడా ఎప్పుడో కొంచెం అడగండి తమ్ముడూ" అని లోపలికి పంపాడు. తరువాత వచ్చిన ఉర్దూ విద్యార్థిని వద్ద ఆగిపోయాడు.

"ఇదేమి వ్రాసినారమ్మా? తీసి లోపలికి పొండి."

"అన్నా, మీరు ఇప్పుడు చదివినదే. అదే ప్రశ్న."

"కావచ్చును. నాకు చదువ రాదు గద. చదువ రానిది లోపలికి పంపితే రేపు నన్నడుగుతారు."

నేను ముందుకు పోయి చదివి వినిపించాను. అతడు మంచివాడు. నా మాట నమ్మాడు కూడ. ఐనా అధికారిని పిలుచుకొని వచ్చాడు. అధికారి మర్యాదగానే మాట్లాడారు. ఏ నియమం ప్రకారం తీయమంటున్నారని అడిగితే నియమమేదీ చెప్పలేదు. "ఎందుకైనా మంచిది సార్, తీయించండి" అన్నారు. మరి తెలుగువారివి ఉన్నవి గదా అంటే, "అవి చదివాము గదా" అన్నారు.

ఉర్దూ మాధ్యమం వారు పదిహేడుగురు. పదిహేనుగురు బ్యాడ్జీలు తీసి జేబుల్లోను, సంచుల్లోను వేసుకొని లోపలికి పోయారు. ఇద్దరు అమ్మాయిలు తీయలేదు. గంటన్నరసేపు బయట మెట్ల మీదనే కూర్చున్నారు, మా ఉర్దూ అధ్యాపకురాలు వారికి తోడు. ఆ ఇద్దరిలో ఒకరు చరిత్ర విద్యార్థిని. నాణేల గది చూడాలని ఆరు నెలల నుండి నన్ను అడుగుతున్నది. లోపల అద్దాల పెట్టెలలో ఏ లిపిలో వ్రాసిన ఫర్మానాలను అంత జాగ్రత్తగా కాపాడుతున్నారో, ఆ లిపిలోని అట్టముక్క గుమ్మం దాటలేదు. ఈ సంగతి లోపలివారికి తెలిసి, తెలుగు మాధ్యమం పిల్లలలో కొందరు తమ బ్యాడ్జీలు కూడా విప్పివేశారు. అలా చేయమని వారితో ఎవ్వరూ చెప్పలేదు.

ఇంతకు మించి ఏమీ జరగలేదు. కేకలు లేవు, తోపులాట లేదు. కాని ఊరికి తిరిగి వచ్చేసరికి "ప్రదర్శనశాలలో గొడవ" అనే పేరు దానికి స్థిరపడినది. ఆ పేరే ఇప్పుడు నియమంగా మారబోతున్నది.

"ఎందుకైనా మంచిది" అనే మాట మన భాషలో చాల చిన్నది. అధికారంలో ఉన్నవారి నోట అది ఎంత దూరం పోతుందో అమెరికాలో ఒక వ్యాజ్యం చూపినది. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డిమాయిన్ నగరంలో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధంలో మృతులైన వారికి సంతాపంగా, యుద్ధవిరామం కోరుతూ, చేతికి నల్లపట్టీ కట్టుకొని బడికి రాదలచారు. ఈ సంగతి చెవినబడి, పాఠశాలల ప్రిన్సిపాళ్లు ముందుగానే సమావేశమై నల్లపట్టీలను నిషేధించారు. పదమూడేండ్ల మేరీ బెత్ టింకర్, ఆమె అన్న జాన్, వారి మిత్రుడు క్రిస్టఫర్ ఎకార్ట్ పట్టీలు కట్టుకొని పోయి సస్పెండ్ అయ్యారు. 1969 ఫిబ్రవరి 24న అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పినది. పాఠశాల పనికి గణనీయమైన భంగం కలిగితే, లేదా ఇతరుల హక్కులకు విఘాతం వస్తే ఆపవచ్చును. ఏదో జరుగవచ్చుననే ఊహామాత్రపు భయం చాలదు. ఇది ఆ తీర్పు సారాంశం.

దానిని ఉదహరించేవారు సాధారణంగా ఇక్కడితో ఆపుతారు. నాకు అంతకంటె ముఖ్యమైనదిగా తోచే అంశం ఇంకొకటి ఆ తీర్పులోనే ఉన్నది. ఆ పాఠశాలలలో ఎన్నికల ప్రచారపు బ్యాడ్జీలు పెట్టుకొనేవారికి అభ్యంతరం లేదు. నాజీతత్వానికి గుర్తుగా చెప్పుకొనే ఇనుప శిలువను ధరించినవారిని సైతం ఎవరూ అడగలేదు. ఒక్క నల్లపట్టీనే ఏరి పట్టుకొన్నారు. అన్నిటినీ ఆపితే నియమం అనవచ్చును. ఒక్కదానినే ఆపితే అది నియమం కాదు, ఇష్టాయిష్టం. మా ద్వారం దగ్గర ఏరివేత అభిప్రాయాన్ని బట్టి కాక లిపిని బట్టి జరిగినదనేదే తేడా.

ఐతే కమిటీ వారు నన్నడుగవచ్చును: అన్నిటినీ ఆపితే నియమమే గదా, మేము తెస్తున్న వాక్యం అన్నిటినీ సమంగా ఆపుతున్నది గదా అని. నిజమే, పక్షపాత దోషం దీనికి లేదు. కాని గుమ్మం దగ్గర ఇద్దరమ్మాయిలకు జరిగిన అన్యాయానికి మనం చేసే పరిష్కారం, మిగిలిన ముప్పైతొమ్మిదిమందికి కూడా అదే చేయడమా? దీనిని సమానత్వమని పిలవడానికి నాకు మనసొప్పుకోవడం లేదు.

బడిలో సరే, యాత్ర సంగతి వేరు గదా అనే వాదం కూడా విన్నాను. యాత్రలో విద్యార్థి ఎవరి అధీనంలో ఉన్నట్లు? ఈ ప్రశ్నకు విద్యార్థులకు ప్రతికూలంగా వచ్చిన తీర్పు ఒకటి ఉన్నది, దానిని దాచడం ధర్మం కాదు. 2002 జనవరిలో అలాస్కా రాష్ట్రంలోని జూనో నగరంలో ఒలింపిక్ జ్యోతి వీధి వెంట పోతుంటే, చూడడానికి విద్యార్థులను ఉపాధ్యాయులతో సహా వెలుపలికి పంపారు. జోసెఫ్ ఫ్రెడరిక్ అనే విద్యార్థి మిత్రులతో కలిసి వీధికి ఆవల పెద్ద బ్యానరు పట్టుకొన్నాడు. దానిపై గంజాయిని తలపించే వెటకారపు వాక్యం ఉన్నది. ప్రిన్సిపాల్ దానిని లాగివేసి, అతనిని సస్పెండ్ చేశారు. 2007లో సుప్రీంకోర్టు ప్రిన్సిపాల్‌నే సమర్థించినది. పాఠశాల అనుమతితో, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో జరిగిన కార్యక్రమం గనుక గేటు వెలుపలనైనా అది పాఠశాలే అన్నది. ఈ భాగం నాకు సమ్మతమే. బస్సులో ఉన్నంతసేపు బాధ్యత నాదైనప్పుడు అధికారం మాత్రం నాకు లేదంటే ఎట్లా? కాని ఆ తీర్పు నిలిచినది మాదకద్రవ్యాలను ప్రోత్సహించే మాట మీద. రాజకీయ, సాంఘిక సమస్యలపై విద్యార్థులు మాట్లాడడాన్ని ఆపడానికి ఈ తీర్పు ఆధారం కాదని, దానితో ఏకీభవించిన న్యాయమూర్తులలో ఇద్దరు, అలీటో, కెనడీ, విడిగా వ్రాసిపెట్టారు. ఉపకార వేతనం ఎప్పుడని అడగడం ఏ కోవకు చెందుతుందో పాఠకులే నిర్ణయింతురు గాక.

మన సంగతికి మరింత దగ్గరగా ఉన్నది 2023 జనవరి 20న వాషింగ్టన్‌లో జరిగినది. దక్షిణ కరొలైనా రాష్ట్రం నుండి ఒక కేథలిక్ పాఠశాల పిల్లలు గర్భస్రావ వ్యతిరేక ప్రదర్శనకు వచ్చి, ఆ తరువాత జాతీయ వైమానిక అంతరిక్ష మ్యూజియం చూడబోయారు. అందరి తలల మీద ఒకే నీలిరంగు టోపీ, దానిపై తమ అభిప్రాయం తెలిపే మాట. గుంపులో ఒకరినొకరు గుర్తుపట్టడానికి అందరూ అదే టోపీ ధరించారట. అంటే నా తలల లెక్క, విద్యార్థుల మాట, రెండూ ఒక్క టోపీలోనే ఇమిడిపోయినవి. మ్యూజియం సిబ్బంది వాటిని తీయమన్నారు. ప్రైవేటు పాఠశాల అనుమతించినది, ప్రభుత్వ ప్రదర్శనశాల అడ్డుకొన్నది, సరిగ్గా మన కథే. సిబ్బంది చేసినది తమ నియమాలకు విరుద్ధమని మ్యూజియం తరువాత ఒప్పుకొని క్షమాపణ చెప్పుకొన్నది. అదే రోజున అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో కూడా అటువంటి వ్రాతలున్న దుస్తులను కప్పుకోమనో తీయమనో కొందరు సందర్శకులతో అన్నారు. వారూ క్షమాపణ చెప్పారు. వాక్ స్వాతంత్ర్యాన్ని ప్రసాదించిన సవరణ యొక్క మూల ప్రతి ప్రదర్శించబడేది ఆ భవనంలోనే. ఆ పిల్లల అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారో లేదో నేను అడగడం లేదు. వారి టోపీకి, మన అట్టముక్కకు కొలబద్ద ఒకటేనా అన్నదే నా ప్రశ్న.

ఇవన్నీ పరదేశపు సంగతులు, మనకెందుకు అనేవారికి మన సుప్రీంకోర్టు తీర్పే ఉన్నది. 1985 జూలైలో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడినుండి తీసివేశారు. జాతీయగీతం పాడేటప్పుడు వారు గౌరవంగా లేచి నిలబడేవారు, కాని తమ మతవిశ్వాసం కారణంగా పాడేవారు కారు. 1986 ఆగస్టు 11న బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో వారిని తిరిగి చేర్చుకొనవలసినదని ఉత్తర్వు వెలువడినది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు, పూర్వం మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా ఉన్నవారు. మౌనంగా ఉండే హక్కు కూడా భావప్రకటన స్వాతంత్ర్యంలోనిదే అన్నారు. దానితోపాటు ఇంకొక మాట: ఆ పిల్లలను తొలగించడానికి ఆధారం విద్యాశాఖ పంపిన సర్క్యులర్లు మాత్రమే, వాటికి శాసనబలం లేదు. 19వ అధికరణం క్రింది స్వేచ్ఛను పరిమితం చేయాలంటే చట్టం ఉండాలి, శాఖాపరమైన సూచనలు చాలవు. ప్రదర్శనశాల అధికారి దగ్గర కనీసం సర్క్యులరైనా లేదు.

ఆ అధికరణం ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది గాని మనవంటి యాజమాన్యాలను అదే విధంగా కట్టడి చేయదని న్యాయశాస్త్రం చదివిన ఒక సభ్యులు గుర్తుచేశారు. అది సరియైన మాటే. కాని మన యాజమాన్యం నిలిచి ఉన్నది 30వ అధికరణం మీద. అల్పసంఖ్యాకులు తమకిష్టమైన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనవచ్చుననే అభయం మనకు ఉన్నది. మన భాషను, లిపిని కాపాడుకొనే హక్కు 29వ అధికరణంలో ఉన్నది. ఆ లిపిలో వ్రాసినందుకే గుమ్మం దగ్గర ఆగిపోయిన విద్యార్థినికి, ఆ హక్కుల నీడన నిలిచిన కళాశాలే ఇకమీదట వ్రాయవద్దని చెప్పవచ్చునా?

యూనిఫారం ప్రసక్తి వచ్చినప్పుడు 2022 నాటి కర్ణాటక తలగుడ్డ వివాదం ప్రస్తావించక తప్పదు. ఆ ఏడు మార్చిలో అక్కడి హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించినది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తులు రెండు భిన్నమైన తీర్పులు చెప్పారు. జస్టిస్ ధూలియా గారు కేరళ పిల్లల కేసునే ఆలంబనగా తీసుకొన్నారు. మన కళాశాలలో యూనిఫారం రంగు స్కార్ఫుకు మొదటినుండి చోటున్నది గనుక ఆ వివాదం మన గడప తొక్కలేదు. దీని గురించి ఇంతకంటె చెప్పవలసినది ఈ వ్యాసంలో లేదు.

మరి ఏ వ్రాతనైనా సరే అనుమతించాలా? అంత ఉదారుడను కాను. తోటి విద్యార్థిని కులాన్ని, మతాన్ని, శరీరాన్ని హేళన చేసే వ్రాత బస్సెక్కరాదు. ఒకని వెక్కిరింతను పన్నెండు గంటలపాటు ప్రక్క సీటులో కూర్చుండి భరించవలసిన పిల్లకు లేచిపోయే చోటు లేదు. తరగతి గదికి, యాత్రకు నిజమైన తేడా ఇదే. పార్టీల గుర్తుల విషయంలో నాకు సందేహమే. ఎన్నికల రోజులలో వాటిని కళాశాల పేరుతో ఊరేగించినట్లు కాగలదు. కట్టడాలకు అంటించేవి, గోడలపై వ్రాసేవి సరేసరి. గోలకొండ గోడల మీద తమ పేర్లు చెక్కిన మహానుభావులు భావప్రకటన చేశారని ఎవరూ అనరు.

కనుక ప్రతిపాదిత వాక్యం స్థానంలో కమిటీకి నేను వ్రాసి ఇచ్చినది ఇది: "యాత్రకు యూనిఫారము తప్పనిసరి. దానిపై విద్యార్థులు ధరించు చిన్న చిహ్నములను ఇతరులను అవమానించునవి అయిననే గాని తొలగింపరాదు. తొలగించుమని కోరినవారు, కళాశాల వారైనను వెలుపలివారైనను, కారణమును వ్రాతమూలకముగా తెలుపవలెనని అధ్యాపకుడు కోరవలెను. ఏ భాషలో వ్రాసినది అనునది కారణము కానేరదు." చివరి వాక్యం అనవసరమని ఒక సభ్యులు అన్నారు. ఆ మెట్ల మీద కూర్చున్న చరిత్ర విద్యార్థిని, ఇప్పుడు బి.ఎడ్. చదువుతున్నది, మిగిలినవి తీసివేసినా సరే ఆ ఒక్కటి ఉంచండి సార్ అని కబురు పంపినది. విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడినది.

ఈలోగా నాగార్జునకొండ యాత్ర రానే వచ్చినది. నోటీసు నిన్ననే అంటించాను: యూనిఫారం, గుర్తింపు కార్డు, టిఫిను, ఉదయం 5 గంటలకు బస్సు. ద్వీపానికి లాంచీలో పోవాలి గనుక లైఫ్ జాకెట్టు వేసుకొనక తప్పదని క్రింద ఒక వాక్యం అదనంగా వ్రాశాను. సాయంకాలానికి మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకతె స్టాఫ్ రూముకు వచ్చినది. జాకెట్టు క్రింద బ్యాడ్జి కనబడదు సార్, దాని పైన పెట్టుకోవచ్చునా అని అడిగినది. పిన్ను గుచ్చితే జాకెట్టు పాడవుతుంది, దారంతో కట్టుకోమ్మా అని చెప్పాను.